పరజలు దిగకముందే లెక్క తేల్చండి: కొల్లేరు బాధ్యత చూస్తున్న అధికారులకు బహిరంగ లేఖ

అటవీ, మత్స్య, పశుసంవర్ధక, వ్యవసాయ, రెవెన్యూ, పోలీసు శాఖల అధికారులకు, కొల్లేరు మండలాల ప్రజాప్రతినిధులకు నమస్కరించి రాస్తున్న లేఖ.

ఇంకో నెలన్నరలో కొల్లేటికి పరజలు, అంటే వలస వచ్చే అడవి బాతులు, దిగుతాయి. ఉత్తరాన రష్యా, మధ్య ఆసియా దేశాల నుంచి బయలుదేరిన సూదితోక బాతులు, గరిటెలాంటి ముక్కున్న బాతులు, రకరకాల చిన్న బాతులు అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చి, మార్చి, ఏప్రిల్ దాకా ఇక్కడే మేస్తాయి. గత రెండు మూడు చలికాలాలుగా గుంపులు పెద్దవయ్యాయని మా వైపు పడవవాళ్ళు, చేపల చెరువుల కాపలాదారులు అనుకుంటున్నారు. ఆ మాట విని సంతోషించినవాళ్ళలో మాలాంటివాళ్ళతోపాటు వలలు కట్టేవాళ్ళూ ఉన్నారు. వినాయక చవితి దాటిన దగ్గర నుంచి వాళ్ళు పాత వలలు బయటికి తీసి కుట్లు వేసుకుంటున్నారు. కొనుగోలు చేసేవాళ్ళు ముందస్తుగా డబ్బు చేతికిచ్చి వెళ్తున్నారు. చట్టం ప్రకారం ఈ దేశంలో బాతుల వేటకు సీజను అనేదే లేదు. మా లంకల్లో మాత్రం ఉంది, అది మొదలయ్యే రోజు కూడా అందరికీ తెలుసు.

గత చలికాలంలో మా ఊరి పక్కన పాడుబడిన ఒక చేపల చెరువులో పక్షుల కోసం కట్టిన వలల గురించి ఫొటోలు జతచేసి ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. ఆ చెరువు అభయారణ్యం హద్దుకు బయట ఉన్నది కాబట్టి తమ పరిధిలోకి రాదన్నారు. అదే కాగితం పట్టుకొని ఇంకో కార్యాలయానికి వెళితే, అది పక్షుల వ్యవహారం కాబట్టి మొదటి కార్యాలయానికే వెళ్ళమన్నారు. రసీదు మాత్రం రెండుచోట్లా ముద్ర వేసి ఇచ్చారు. ఆ తరువాత ఎవరూ రాలేదు, ఉత్తరం రాలేదు, వలలు మార్చి దాకా అక్కడే ఉన్నాయి. అందుకే ఈసారి అర్జీ కాకుండా అందరూ చదివేలా లేఖ రాయవలసి వచ్చింది.

ముందుగా పరిధి సంగతి. 1999లో ప్రభుత్వం కొల్లేటిలో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద 2002లో గుర్తింపు పొందిన చిత్తడి నేల మాత్రం 901 చదరపు కిలోమీటర్లు. అంటే, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని మనమే చెప్పుకున్న నేలలో మూడింట రెండు వంతులు అభయారణ్యం గీతకు బయటే ఉంది. అయినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షను వేటను నిషేధించేటప్పుడు ఆ గీతకు లోపల, బయట అన్న తేడా చూపలేదు. తేడా శిక్షలో మాత్రమే ఉంది. అభయారణ్యంలో వేటాడితే కనీసం మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు పడుతుంది. బయట వేటాడితే మూడేళ్ళ వరకు జైలు గాని, 2022 సవరణ తరువాత లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పట్టడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం కూడా వేట కిందికే వస్తాయని అదే చట్టం చెబుతున్నది. పరజకు ఐదో కాంటూరు ఎక్కడుందో తెలియదు. వల కట్టేవాడికి మాత్రం అడుగుతో సహా తెలుసు, అందుకే వాడు గీతకు ఇవతల కడతాడు.

ఆ వల ఎలా ఉంటుందో చూడని అధికారులు ఎవరైనా ఉంటే వారి కోసం రాస్తున్నాను. నీళ్ళలో వెదురు గడలు పాతి, వాటి మధ్య నల్లటి సన్న నైలాను వలను మనిషి ఎత్తుకు పైగా లాగి కడతారు. పరజలు పగలు సరస్సులో, చెరువుల్లో తేలుతూ ఉండి, చీకటి పడ్డాక మేతకు వరిచేల వైపు లేస్తాయి. అవి లేచే దారికి అడ్డంగా, కిందుగా ఎగిరేచోట ఈ వల ఉంటుంది. తెల్లవారుజామున తాటిదోనె మీద వెళ్ళి, చిక్కుకున్నవాటిని ఒక్కొక్కటిగా విడదీసి, ఎగరకుండా రెండు రెక్కలూ వెనక్కి మెలేసి ఒకదానిలో ఒకటి దూర్చి, గోనెసంచిలో వేస్తారు. ప్రాణంతో ఉంటేనే మంచి ధర. నీటికోళ్ళు, కొంగలు, ఒక్కోసారి నీటిపాములు కూడా ఆ వలలోనే చచ్చి ఎండిపోయి వేలాడుతుంటాయి. వాటిని విప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. బాతుల వేటను చట్టబద్ధంగా అనుమతించిన దేశాలు బాతులను లెక్కపెడుతున్నాయి. వేటను పూర్తిగా నిషేధించిన మనం, నిషేధించాం కదా అన్న ధీమాతో లెక్కను పక్కన పెట్టాం. అమెరికా, కెనడా దేశాలు కలిసి 1955 నుంచి, కొవిడ్ వచ్చిన 2020, 2021 తప్ప, ఏటా వేసవికి ముందు చిన్న విమానాల మీద నుంచి, నేల మీద నుంచి అడవి బాతులను, అవి గుడ్లు పెట్టే గడ్డిమైదానాల్లోని నీటి గుంటలను కూడా లెక్కిస్తున్నాయి. 2023లో ఆ లెక్క సుమారు 3.23 కోట్లు, 2024లో సుమారు 3.4 కోట్లు. సంఖ్య పెరిగిందన్న వార్త రాగానే అక్కడి వేటగాళ్ళు రాబోయే సీజను మీద ఆశలు పెట్టుకున్నారు. ఆ ఆశకు ఒక ఆధారం ఉంది, ఒక హద్దు కూడా ఉంది. ఎన్ని రోజులు వేటాడవచ్చు, ఒక్కొక్కరు రోజుకు ఎన్ని బాతులను కొట్టవచ్చు అన్నది ఆ లెక్కల మీదే నిర్ణయమవుతుంది. అమెరికాలో బాతు వేటకు వెళ్ళే పదహారేళ్ళు నిండిన ప్రతి మనిషీ 1934 నుంచి అమల్లో ఉన్న ప్రత్యేక స్టాంపు కొనాలి. ఇప్పుడు దాని వెల 25 డాలర్లు, ఆ సొమ్ములో దాదాపు అంతా చిత్తడి నేలలు కొనడానికి, కాపాడడానికే పోతుంది. బాతుల కడుపులోకి సీసం చేరుతున్నదని తేలాక 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసం గుళ్ళను దేశమంతటా నిషేధించారు. అన్నిటికీ మించి, తాను కొట్టిన బాతును ఇంట్లో వండుకు తినవచ్చునే గాని అమ్ముకోవడం అక్కడ నేరం. ఉత్తర అమెరికాలో 1970 నుంచి అన్ని రకాల పక్షులూ కలిపి దాదాపు 300 కోట్లు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు తేల్చినప్పుడు, బాతులు, హంసల జాతి మాత్రం 56 శాతం పెరిగినట్లు అదే అధ్యయనంలో బయటపడింది.

కొల్లేటిలో వేటకు లైసెన్సులు ఇమ్మని నేను అడగడం లేదు. 1972 చట్టం మొదట్లో కొన్ని జంతువులను, పక్షులను లైసెన్సుతో వేటాడనిచ్చింది. 1991 సవరణతో ఆ దారి మూసేశారు, అది మంచి నిర్ణయమే. నేను అడిగేది వేరు. బహిరంగంగా వేటాడే దేశంలో కూడా నేరమైన పని, అంటే అడవి బాతులను రాశిగా పట్టి బజారులో అమ్మడం, వేటే లేదని చెప్పుకునే మన దగ్గర ఏటా నడుస్తున్నది. మన దేశంలో నీటిపక్షుల గణన అసలు లేదని కూడా నేను అనను. 1987 నుంచి ఏటా జనవరిలో పక్షిప్రేమికులు, అటవీ సిబ్బంది కలిసి లెక్కిస్తున్నారు, అది గౌరవించదగిన కృషి. కాని జనవరి నాటికి వలల పని సగం అయిపోయి ఉంటుంది. ఆ అంకెలను చూసి ఎక్కడ గస్తీ పెంచారో, ఏ చెరువును కాపాడారో లంక గ్రామాల్లో చెప్పగలిగినవాళ్ళు నాకు కనిపించలేదు.

ఈ నిర్లక్ష్యం పక్షులతో ఆగడం లేదు. మనుషుల మీద పడుతున్న ఫలితాలను కింద విడివిడిగా రాస్తున్నాను.

1. విషం కలిసిన మాంసం. వల కట్టే ఓపిక లేనివాళ్ళు వరిలో చల్లే పురుగుమందు గుళికలను ధాన్యంలో కలిపి గట్ల మీద, లోతులేని నీళ్ళలో చల్లుతారు. అది తిని తూలిపడిన బాతును గొంతు కోసి, ఈకలు పీకి, కల్లు దుకాణాల దగ్గర, రోడ్డు పక్క హోటళ్ళ వెనుక అమ్ముతారు. కొనేవాడికి అది వలలో పడిందో విషం తిన్నదో తెలిసే మార్గం లేదు. అడవి పిట్ట మాంసం ఒంటికి బలం అని నమ్మి బాలింతలకు, ముసలివాళ్ళకు పెట్టే ఇళ్ళు మా వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చెరువు నీళ్ళే పశువులు తాగుతాయి.

2. కోళ్ళ జబ్బు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఫారాల్లో కోళ్ళను చంపి పూడ్చారు, చికెన్ కొనేవాళ్ళు లేక దుకాణాలు వెలవెలబోయాయి. అనుమానం ఎప్పటిలాగే వలస పక్షుల మీదికి పోయింది. నిజంగా అవి తెస్తున్నాయో లేదో తెలియాలంటే అవి దిగిన నెలలోనే నమూనాలు తీసి పరీక్షించాలి కదా. మా దగ్గర సార్వా (తొలి పంట) కోతలు అయ్యాక పెంపుడు బాతుల మందలను కోసిన చేలల్లో, కాలువల్లో మేపుకుంటూ ఊరూరా తిరిగే కుటుంబాలు ఉన్నాయి. పగలు ఆ మంద మేసిన చేలోనే రాత్రి పరజలు మేస్తాయి. ఒక జబ్బు అటు నుంచి ఇటు గాని, ఇటు నుంచి అటు గాని మారడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఇక ప్రాణంతో ఉన్న అడవి బాతులను గోనెసంచుల్లో మోటారు సైకిళ్ళ మీద ఊళ్ళు దాటించి, కోడిమాంసం దుకాణం పక్కనే కోయడం ఎంత ప్రమాదమో పశువైద్యులకు నేను చెప్పనక్కరలేదు. జబ్బు వచ్చాక నష్టపోయేది ఫారాల కూలీలు, బాతుల మందలవాళ్ళు, చిల్లర దుకాణదారులు. సంచి దాటించినవాడికి ఏ నష్టమూ ఉండదు.

3. చేపల రైతులు. నీటికాకులు, పెలికాన్లు చేపలు తింటాయి, ఆ నష్టం నిజమే. పరజల్లో ఎక్కువ రకాలు గింజలు, నీటి మొక్కలు, పురుగులు, చిన్న నత్తలు తినేవి. ఈ తేడా చెప్పేవాళ్ళు లేక చెరువుల మీద అన్నిటికీ కలిపి ఒకటే వల, ఒకటే బాణసంచా. పిట్టలు తోలడానికి పెట్టుకున్న మనిషే రాత్రి పూట పట్టేవాళ్ళకు దారి చూపించడం కొత్తేమీ కాదు.

4. వరి రైతులు. నేను కూడా వరి రైతునే కాబట్టి ఇది దాచి రాయను. దాళ్వా (రెండో పంట) నారుమడిలో ఒక్క రాత్రి గుంపు దిగితే తెల్లారేసరికి మొలక తొక్కిడిలో పోతుంది. మళ్ళీ విత్తనం, మళ్ళీ దుక్కి, నాట్లు పది రోజులు వెనక్కి, ఆ మేరకు చివరి తడికి కాలువలో నీళ్ళు ఉంటాయో ఉండవో తెలియని స్థితి. ఈ నష్టానికి పరిహారం ఎవరిని అడగాలో, ఏ కాగితం మీద అడగాలో రైతుకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే కొందరు రైతులు వలలవాళ్ళను తామే పిలిచి గట్టు మీద చోటిస్తున్నారు. వాళ్ళను నేను సమర్థించను. కాని అటవీ శాఖ సిబ్బంది కంటే వలవాడు త్వరగా వస్తాడన్నది వాళ్ళ అనుభవం.

5. పట్టుబడే పిల్లలు. ఎప్పుడైనా దాడి జరిగితే దొరికేది తెల్లవారుజామున దోనె మీద ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రవాడు. చేపల చెరువుల్లో కూలి లేని నెలల్లో వాడికి ఈ పని అప్పగించినవాడు, సరుకు ఎక్కించుకున్నవాడు, పట్టణంలో వండి అమ్మినవాడు ఎవరూ కేసులో కనిపించరు. ఆ కుర్రవాడి ఇంట్లోవాళ్ళు వకీలు కోసం అప్పు చేస్తారు, వాయిదాలకు తిరగలేక వాడు చేస్తున్న పనీ పోతుంది. ఆ అప్పు తీర్చడానికి మరుసటి చలికాలం వాడి తమ్ముడు అదే వల పట్టుకుంటాడు. ముందస్తు డబ్బు ఇచ్చే వ్యాపారి మాత్రం అదే మనిషి. పది పిట్టలతో ఒక కూలివాణ్ణి పట్టుకొని ఫొటో దిగడం వల్ల ఏ చలికాలంలోనూ ఈ వ్యాపారం ఆగలేదు, ఆగదు కూడా.

6. సామాన్యుడికి కోర్టు దారి. అధికారులు కదలకపోతే పౌరుడే నేరుగా కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చునని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 55వ సెక్షను చెబుతున్నది, అయితే అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నవంబరులో వల చూసి నోటీసు ఇస్తే జనవరి గడిచిపోతుంది. కాబట్టి మీరు కదలడం తప్ప మాకు సకాలంలో పనికివచ్చే వేరే దారి లేదు.

ఈ పరిస్థితిలో మేము కోరుతున్నవి ఇవి.

మొదటిది లెక్క. జనవరి గణన ఒక్కటే చాలదు. నవంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, మార్చిలో వెళ్ళేముందు ఒకసారి లెక్కించాలి. అభయారణ్యంలోనే కాక రామ్‌సర్ పరిధిలోని చెరువుల్లో, చేలల్లో కూడా లెక్కించాలి. ఏ చోట ఏ రకం ఎన్ని అన్నది తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయాల దగ్గర అతికించాలి. రాబోయే ఏడాది గస్తీ ఎక్కడ, ఎంత మందితో అన్న నిర్ణయం ఆ అంకెల మీదే జరిగినట్లు రాతపూర్వకంగా కనిపించాలి. గణనకు పడవవాళ్ళను, చెరువుల కాపలాదారులను కూలి ఇచ్చి తీసుకోండి. ఏ రకం ఎక్కడ వాలుతుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

రెండవది, పరిధి తగాదాను ఒక ఉత్తర్వుతో తెంచాలి. కొల్లేరు చుట్టూ ఎక్కడ పక్షి వల కనిపించినా ఫిర్యాదు మొదట ఎవరికి అందితే వాళ్ళే తీసుకోవాలి, శాఖల మధ్య బదిలీ వాళ్ళ పని గాని అర్జీదారుడి పని కాదు. అక్టోబరు నుంచి మార్చి వరకు రాత్రింబవళ్ళు పనిచేసే ఒకే ఫోను నంబరు ప్రకటించాలి. ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకు ఏం చేశారో పదిహేను రోజుల్లో జవాబు రావాలి.

మూడవది, దాడులు నీళ్ళ మీద కంటే ముందు రోడ్డు మీద జరగాలి. ముందస్తు డబ్బు ఇచ్చేవాళ్ళు, రవాణా చేసేవాళ్ళు, వండి అమ్మే హోటళ్ళవాళ్ళు కేసుల్లో మొదటి ముద్దాయిలుగా ఉండాలి. నేరం పట్టించినవారికి బహుమతి ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది, దాన్ని మా ఊళ్ళలో చాటింపు వేయించండి. పురుగుమందుల దుకాణాల్లో గుళికల అమ్మకాన్ని ఆ నెలల్లో వ్యవసాయ శాఖ వారు ప్రత్యేకంగా తనిఖీ చేయాలి.

నాలుగవది, చనిపోయిన పక్షుల సంగతి. 2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సులో బొటులిజం (బాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు) సోకి 18 వేలకు పైగా పక్షులు చనిపోయాయి. ఆ విషం వ్యాపించే తీరు శాఖకు తెలిసిందే. కుళ్ళిన కళేబరంలో పుట్టిన పురుగులను తిని మరో పక్షి చస్తుంది, దాని కళేబరంలో మళ్ళీ పురుగులు. మొదటి రోజుల్లో కళేబరాలను ఏరివేస్తేనే అది ఆగుతుంది. కొల్లేటిలో చచ్చిన పక్షి కనిపిస్తే ఎవరు తీయాలి, నమూనా ఎక్కడికి పంపాలి, ఫలితం ఎన్ని రోజుల్లో చెప్పాలి అన్న పద్ధతిని సీజనుకు ముందే రాసి గ్రామాలకు ఇవ్వండి. బాతుల మందలవాళ్ళను నేరస్థులుగా చూడకుండా, వాళ్ళ బాతులకు ఉచితంగా పరీక్షలు చేయించండి.

ఐదవది, నారుమడి నష్టానికి పరిహారం. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టానికి ఏ విధంగా అంచనా వేస్తారో అదే విధంగా పక్షుల వల్ల పోయిన నారుమడికి కనీసం విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు వారం రోజుల్లో రైతుకు అందితే, గట్టు మీద వలకు చోటిచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం.

ఆరవది, ఆ కుర్రవాళ్ళకు పని. సీజను ఆరు నెలలూ ప్రతి లంక గ్రామం నుంచి కొందరిని పక్షుల కాపలాకు పెట్టుకోండి. జీతం నెలనెలా ఇవ్వండి. కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రంలో పెలికాన్లను చూడడానికి జనం వస్తున్నారు, పరజలను చూపించడానికి వీళ్ళకంటే మంచి పడవవాళ్ళు దొరకరు. వల ఎక్కడ కట్టాలో తెలిసినవాడికి ఎక్కడ వెతకాలో కూడా తెలుసు.

వీటిలో కొత్త చట్టం కావలసినది ఒక్కటీ లేదు. ఉన్న చట్టం, 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు, ఉన్న సిబ్బందితోనే చాలావరకు మొదలుపెట్టవచ్చు. మూడో కాంటూరా ఐదో కాంటూరా అన్న వివాదం కోర్టుల్లో, కమిటీల్లో ఏళ్ళుగా నడుస్తున్నది. అది తేలేదాకా ఆగవలసిన పని వీటిలో ఏదీ లేదని మనవి.

అక్టోబరు మొదటి వారంలోగా కైకలూరులో గాని ఏలూరులో గాని సంబంధిత శాఖలన్నీ ఒకేచోట కూర్చొనే సమావేశం ఏర్పాటు చేసి, దానికి లంక గ్రామాల రైతులను, చేపల వేటగాళ్ళను, బాతుల మందలవాళ్ళను పిలవవలసిందిగా కోరుతున్నాము. తేదీ తెలియజేస్తే, గత చలికాలంలో వలలు కట్టిన చోట్ల జాబితాను సర్వే నంబర్లతో సహా రాతపూర్వకంగా అక్కడే అందజేస్తాము.

ఇట్లు,
కొల్లేరు లంక గ్రామాల తరఫున ఒక వరి రైతు